డెబ్బై దాటిన వారికి హెచ్‌బీఏ1సీ 6.3 ఉంటే మందు తగ్గించాలా, అలాగే కొనసాగించాలా?

ప్రశ్న అడిగిన సభ్యురాలు, గుంటూరు:
మా నాన్నగారికి 74 ఏళ్లు, మధుమేహం ఇరవై ఏళ్లకు పైబడి ఉంది. గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన మాత్రను ఉదయం ఒకటి, రాత్రి ఒకటి భోజనానికి ముందు వేసుకుంటారు. ఇటీవలి పరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే అంకె, 6.3 వచ్చింది. అయితే మధ్యాహ్న భోజనం ఆలస్యమైన రోజుల్లో చెమటలు పట్టడం, మాట తడబడటం కనిపిస్తోంది. ఒకసారి గ్లూకోమీటరు 52 చూపించింది. కొత్తగా చూసిన వైద్యులు గ్లిమిపిరైడ్‌ను సగానికి తగ్గించాలన్నారు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న వైద్యులు మాత్రం ఇంత చక్కటి అదుపును పాడుచేసుకోవద్దని, జేబులో చాక్లెట్ పెట్టుకుంటే సరిపోతుందని చెప్పారు. ఇంట్లో మాకు మాకే ఏకాభిప్రాయం కుదరడం లేదు. అనుభవమున్న వారు దయచేసి చెప్పండి.

విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్:
అమ్మా, నేను పాత వైద్యుల మాటకే ఓటు వేస్తాను. షుగర్ ఎక్కువగా ఉంటే నొప్పి తెలియదు, కానీ కళ్లూ కిడ్నీలూ నరాలూ లోలోపల దెబ్బతింటాయి. 1998లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ అధ్యయనం యూకేపీడీఎస్‌లో హెచ్‌బీఏ1సీ 7.9 ఉన్నవారితో పోలిస్తే 7.0కు తెచ్చుకున్నవారికి సూక్ష్మ రక్తనాళాల సమస్యలు 25 శాతం తగ్గాయి. మీరు చెప్పినదాన్ని బట్టి తప్పు మాత్రది కాదు, భోజన వేళది. ఒంటిగంటకు అన్నం పెట్టేయండి, సమస్య అక్కడితో తీరుతుంది. మందు తగ్గించడం మొదలుపెడితే మనిషికి నిర్లక్ష్యం కూడా మొదలవుతుంది. ఈ మాట మా బంధువర్గంలో కళ్లారా చూసి చెబుతున్నాను.

వైద్యురాలు, శ్రీకాకుళం జిల్లా:
మాస్టారూ, మీరు ఉదహరించిన అధ్యయనం గొప్పదే, కానీ అది ఈ పెద్దాయన లాంటి వారి మీద జరిగినది కాదు. అందులో చేరినవారు కొత్తగా మధుమేహం బయటపడినవారు, వారి సగటు వయసు యాభై మూడు ప్రాంతం. ఆ ప్రయోజనం చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. పైగా గట్టిగా చికిత్స చేసిన వర్గం చేరుకున్నది 7.0కే తప్ప 6.3కు కాదు. అంతకన్నా కిందికి దించాలని ప్రయత్నించిన అధ్యయనం వేరే ఉంది, దాని పేరు అకార్డ్. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న పది వేల మందికి పైగా రోగులలో ఒక వర్గానికి 6 లోపు లక్ష్యం పెట్టారు. ఆ వర్గంలో 257 మంది, సాధారణ చికిత్స పొందినవారిలో 203 మంది మరణించడంతో 2008లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపివేయవలసి వచ్చింది.

అన్ని 6.3లూ ఒకటి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతూ 6.3 తెచ్చుకున్నవారిని నేను మనసారా అభినందిస్తాను, ఎందుకంటే ఆ మందు ఒంటరిగా షుగర్‌ను ప్రమాదకరంగా పడగొట్టడం చాలా అరుదు. గ్లిమిపిరైడ్ అలాంటిది కాదు. రక్తంలో గ్లూకోజ్ ఎంత ఉన్నదీ చూడకుండా అది క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. కడుపులో అన్నం పడిందా లేదా అన్నది దానికి పట్టదు. 70 కంటే తగ్గితేనే లో షుగర్ అంటాం, 54 కంటే తగ్గితే తక్షణం స్పందించవలసిన స్థాయి. 52 అన్నది ఆ రెండో గీత కూడా దాటిన అంకె. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు 7.0 నుంచి 7.5 లోపు, ఇతర జబ్బులు ఎక్కువగా ఉన్నవారికి 8 లోపు ఉంటే చాలని అమెరికా మధుమేహ సంఘం కూడా చెబుతోంది.

మా ప్రాంతంలో, ముఖ్యంగా ఉద్దానం గ్రామాలలో కిడ్నీ జబ్బు ఎంతగా ఉందో అందరికీ తెలుసు. కిడ్నీ పనితనం తగ్గేకొద్దీ గ్లిమిపిరైడ్ తరగతి మందులలో కొన్ని ఒంట్లో పేరుకుపోతాయి, ఇన్సులిన్ కూడా తొందరగా విసర్జన కాదు. అందుకే ఏళ్లుగా పడిన మోతాదే ఒక్కసారిగా ఎక్కువైపోతుంది. బయటి నుంచి చూసేవారికి మాత్రం "షుగర్ తనంతట తానే తగ్గింది" అన్నట్టు కనిపిస్తుంది, ఇంట్లో సంతోషిస్తారు. మీ నాన్నగారికి కిడ్నీ పనితనం తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి ఎంతకాలమైందో చూడండి. రక్తహీనత గానీ కిడ్నీ జబ్బు గానీ ఉంటే హెచ్‌బీఏ1సీ అంకె కూడా తప్పుదారి పట్టించవచ్చు. బీపీకి మెటోప్రొలాల్ లాంటి మాత్ర వాడుతుంటే గుండెదడ, వణుకు తెలియకుండా పోతాయి, చెమట ఒక్కటే మిగులుతుంది.

ఫార్మసిస్ట్, కాకినాడ:
చాక్లెట్ సంగతి ఒక్కటి చెప్పి తీరాలి. చాక్లెట్‌లోని కొవ్వు వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది, కనుక ప్రాణం మీదికి వచ్చినప్పుడు దాన్ని నమ్ముకోకూడదు. 15 గ్రాముల గ్లూకోజ్ పొడి గానీ, మూడు చెంచాల పంచదార గానీ నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వాలి, ఆ తరువాత కాస్త అన్నమో బిస్కెట్లో తినిపించాలి. మాత్ర అట్ట మీద వోగ్లిబోస్ (పేగుల్లో పంచదార, పిండిపదార్థాల జీర్ణాన్ని ఆలస్యం చేసే మందు) అనే పేరు కూడా ఉందేమో చూడండి, మన దగ్గర మూడు మందులు కలిసిన మాత్రలు చాలా వాడుకలో ఉన్నాయి. అది ఉంటే పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే కావాలి. ఆ మాత్రలు కొనేవారిలో ఈ సంగతి తెలిసినవారు నాకు అరుదుగా కనిపిస్తారు.

మందు మార్చే విషయంలో ఖర్చు అడ్డమవుతుందని ఒకప్పుడు నేనూ ఒప్పుకునేవాణ్ణి. కానీ లో షుగర్ ముప్పు తక్కువగా ఉండే ప్రత్యామ్నాయ మాత్రలైన విల్డాగ్లిప్టిన్‌కు 2019 చివర్లో, సిటాగ్లిప్టిన్‌కు 2022లో పేటెంట్ గడువు తీరిపోయాక వాటి ధరలు బాగా దిగాయి. ఇక గ్లిమిపిరైడ్ తరగతికే చెందిన పాత మందు గ్లిబెన్‌క్లమైడ్ అరవై దాటిన వారికి తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలోనే రాసి ఉంది, అయినా ఆ చీటీలు ఇప్పటికీ వస్తున్నాయి. జ్వరానికో మూత్రంలో మంటకో లీవోఫ్లోక్సాసిన్, కోట్రైమోక్సజోల్ లాంటి యాంటీబయాటిక్‌లు రాసినప్పుడు షుగర్ మాత్ర సంగతి చెప్పండి. వాటిలో ఏదైనా గ్లిమిపిరైడ్ లాంటి మాత్రతో కలిస్తే షుగర్‌ను పడగొట్టగలదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్:
డాక్టరమ్మ గారూ, లక్ష్యం వయసును బట్టి మారాలన్నది ఒప్పుకుంటున్నాను. అయితే అకార్డ్‌లో ఆ మరణాలకు లో షుగరే కారణమని రుజువు కాలేదు కదా. ఒక్క అనుమానం మీద, ఇరవై ఏళ్లు పనిచేసిన మందును దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. గ్లిమిపిరైడ్ చవక, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది. పల్లెల్లో లక్షల మందికి ఇదే ఆధారం.

వైద్యురాలు, శ్రీకాకుళం జిల్లా:
రుజువు కాలేదన్న మాట నిజం, దాన్ని నేను కాదనను. గ్లిమిపిరైడ్‌ను సిటాగ్లిప్టిన్ కోవకే చెందిన లినాగ్లిప్టిన్‌తో పోల్చి 2019లో ప్రచురించిన కరోలినా అధ్యయనంలో గుండెజబ్బుల విషయంలో రెంటికీ తేడా లేదని తేలింది, అంటే ఆ మందు గుండెకు హాని చేస్తుందన్న భయం నిలవలేదు. అదే అధ్యయనంలో లో షుగర్ మాత్రం గ్లిమిపిరైడ్ వర్గంలో 37.7 శాతం మందికి, రెండో వర్గంలో 10.6 శాతం మందికి వచ్చింది. నా వాదనకు ఆ తేడా చాలు. డెబ్బై ఏళ్ల మనిషి స్నానాల గదిలో కళ్లు తిరిగి పడి తుంటి విరిగితే, పదేళ్ల తరువాత కంటికి కలగబోయే మేలు గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఖర్చు గురించి మీరన్నది సబబే, కానీ ఇక్కడ కొత్త మందు కొనమని ఎవరూ అడగలేదు. రెండు మిల్లీగ్రాములను ఒకటి చేయడానికి ఖర్చేమీ లేదు. భోజన వేళ పాటించడం కూడా మంచిదే, కానీ కార్తీక సోమవారాలు, ఏకాదశులు, రంజాన్ ఉపవాసాలు, పెళ్లిళ్లలో ఆలస్యమయ్యే పంక్తులు ఉన్న జీవితాలు మనవి. ఒక పూట అన్నం ఆలస్యమైనందుకు మనిషి పడిపోయేంత మోతాదు అది. ఉపవాసం ఉండేవారు మాత్రను ఎలా మార్చుకోవాలో ముందుగానే వైద్యులను అడగాలి, సొంతంగా పూర్తిగా మానేయకూడదు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు, గుంటూరు:
అందరికీ కృతజ్ఞతలు. క్రియాటినిన్ పరీక్ష చేయించి ఏడాది దాటింది, రేపే చేయించి ఆ కాగితంతో కొత్త వైద్యులను కలుస్తాం. అట్ట మీద వోగ్లిబోస్ లేదు. ఒక్క సందేహం మిగిలింది. షుగర్ పడిపోయి, గ్లూకోజ్ తాగాక 110కి చేరితే ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

వైద్యురాలు, శ్రీకాకుళం జిల్లా:
ఉండకూడదమ్మా. గ్లూకోజ్ ప్రభావం గంటా గంటన్నరలో తీరిపోతుంది, మాత్ర ప్రభావం ఒక రోజంతా, కిడ్నీలు బలహీనంగా ఉంటే రెండు మూడు రోజులు కూడా ఉండవచ్చు; షుగర్ మళ్లీ పడిపోతుంది. అందుకని ఆ రోజు గంటగంటకూ పరీక్షించండి, రాత్రి నిద్రలో లేపి కూడా చూడండి. రెండోసారి 70 దిగితే గానీ, మనిషి మగతగా ఉంటే గానీ ఇంట్లో పెట్టుకోకుండా ఆసుపత్రిలో చేర్చండి. స్పృహ తప్పితే నోట్లో నీళ్లు గానీ పంచదార గానీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి, షుగర్ మాత్ర వేసుకునే మనిషి అన్న మాట మొదటే చెప్పండి.