మైసూరులో ఆర్.కె. నారాయణ్ ఇల్లు: పిల్లలతో వెళ్లి చూడొచ్చా?

మామిడితోట (చిత్తూరు):
దసరా సెలవుల్లో మైసూరు పోతున్నాం. ప్యాలెస్, జూ ఎలాగూ ఉన్నాయి. మా పాప ఎనిమిదో తరగతి. ఆర్.కె. నారాయణ్ ఇంగ్లీషులో రాసిన స్వామి అనే పిల్లవాడి కథలు చదివి, ఆ రాసినాయన ఇల్లు చూడాల్సిందేనని పట్టు పట్టింది. మా ఆయనేమో ‘ఖాళీ ఇంట్లో ఏముంది, ఆ టైముకి బృందావన్ గార్డెన్స్ పోదాం’ అంటున్నారు. పైగా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి, నిజంగా చూసేదేమైనా ఉందా?

పాకాల జంక్షన్ (తిరుపతి):
అమ్మా, రెండేళ్ల కిందట నేనూ మా ఆవిడా వెళ్లాం. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి, నా మురిపెం కొంత తీసేసి వినండి. ఇల్లు యాదవగిరిలో, రైల్వే స్టేషన్‌కు దగ్గరే. నారాయణ్ గారి ఇల్లంటే మా ఆటో అతను ‘ఏ నారాయణ్, డాక్టరా?’ అన్నాడు. మొదటి రోజు పోతే గేటుకు తాళం. ఆరోజు వాళ్లకు వారం సెలవట. ఎండలో నిలబడి, మా ఆవిడతో నాలుగు మాటలు అనిపించుకుని, మర్నాడు మళ్లీ వెళ్లాం. మీరు కనుక్కుని బయల్దేరండి.

రెండంతస్తుల ఇల్లు. ఆయన కోట్లు, స్వెటర్లు, కళ్లజోడు, అవార్డులు, పుస్తకాలు, ఫొటోలు ఉంటాయి. అవన్నీ ఇరవై నిమిషాల్లో అయిపోతాయి. అసలు చూడాల్సింది పైన, ఆయన రాసుకున్న గది. అర్ధచంద్రంలా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, చుట్టూ ఎనిమిది కిటికీలు. ఇల్లు కట్టించేటప్పుడే కోరి పెట్టించుకున్నారు. అప్పట్లో అక్కడ కూర్చుంటే చాముండి కొండ, మేస్తున్న ఆవులు, పోయే రైళ్లు అన్నీ కనిపించేవట. చూస్తూ కూర్చోవడమే తప్ప రాత సాగక, చివరికి కిటికీకి మందపాటి కర్టెన్ కట్టేశారట. అప్పటినుంచి రోజుకు వెయ్యి మాటలు! ఆయనే ఒక వ్యాసంలో రాసుకున్నారు. నేను ఒక్కో కిటికీ దగ్గరా నిలబడి చూశాను. నా కళ్లకైతే కొండ కనపడలేదు, చెట్లు, మేడలు, కరెంటు వైర్లు. మా ఆవిడ కిందే కుర్చీలో కూర్చుంది, మీ అత్తగారూ అలాగే కూర్చోవచ్చు.

పాపకు ఒక్కటి ముందే చెప్పండి. స్వామి ఆ ఇంట్లో పుట్టలేదు. ఆ పిల్లవాడి నవల ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ 1935లో వచ్చింది, ఈ ఇంటికి ఆయన 1950లలో గానీ రాలేదు. అక్కడ మాతోపాటు ఉన్నాయన ఒకరు ఆయన ఇంకో నవల గురించి, ‘ది గైడ్ ఈ గదిలోనే రాశారు’ అని పిల్లలకు చెబుతున్నాడు. అది రాసింది అమెరికాలో, బర్క్‌లీలో, ఒక హోటల్ గదిలో. నోటిదాకా వచ్చింది గానీ మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

గాంధీ రోడ్డు (చిత్తూరు):
అయ్యోరు అసలు సంగతి వదిలేశారు. ఆ ఇల్లు ఈరోజు ఉండటమే గొప్ప. 2011లో కొన్నవాళ్లు అపార్ట్‌మెంట్ కోసం కూల్చడం మొదలుపెట్టారు. ఊళ్లో గొడవైతే ఆగింది. కన్నడంలో రాయని ఆయనకు ప్రజల సొమ్ముతో మ్యూజియం ఎందుకని కొందరు కన్నడ రచయితలు అడ్డుచెప్పారు కూడా. చివరికి కార్పొరేషన్ తీసుకుని బాగుచేసి 2016లో తెరిచింది. మన దామలచెరువు మీదుగా పోయినప్పుడల్లా మన కథారచయిత మధురాంతకం రాజారాం గారు ఉన్న ఇల్లు ఏదని ఎవరినైనా అడగాలనిపిస్తుంది. ఎప్పుడూ బస్సు దిగలేదు.

అక్కా, ఆయన కథల్లోని కల్పిత ఊరు, టీవీలో వచ్చిన మాల్గుడిని అక్కడ వెతక్కండి, అది తీసింది కర్ణాటకలోనే ఆగుంబె అనే ఊళ్లో.

పాకాల జంక్షన్ (తిరుపతి):
నిజమే నాయనా, మరిచాను. అన్నట్టు దసరాకు పోతున్నారు కదా. ఆయన మొదటి నవల మొదటి వాక్యం రాసింది 1930లో, విజయదశమి నాడే. బెంగళూరులో వాళ్లవ్వ మంచిరోజు చూసిపెట్టిందట.

మామిడితోట (చిత్తూరు):
థ్యాంక్స్ సార్, థ్యాంక్స్ తమ్ముడూ. పొద్దున ఆ ఇల్లు, సాయంత్రం బృందావన్ అని మా ఆయన ఒప్పుకున్నారు. పాపతోనే వచ్చింది తంటా. కర్టెన్ సంగతి చదివినప్పటినుంచీ తన కిటికీకి కూడా ఒకటి కట్టమంటోంది. ఆ కిటికీలోంచి కనిపించేది పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు.