రెండు రోజుల కత్తి తయారీ శిబిరం: పూర్తయిన కత్తితో ఇంటికి రావాలా, విరిగిన ముక్కలతోనా?

కొత్తసుత్తి

శని, ఆదివారాల్లో జరిగిన కత్తి తయారీ శిబిరానికి వెళ్ళి వచ్చాను. మొత్తం తొమ్మిది మందిమి. మూడు గ్యాసు కొలుములు, రెండు బెల్ట్ గ్రైండర్లు. ఆదివారం సాయంత్రానికి అందరి చేతుల్లోనూ తలా ఒక కత్తి ఉంది. నాది నాలుగంగుళాల బ్లేడు, 1084 రకం ఉక్కు, రోజ్‌వుడ్ పిడి. చూడముచ్చటగా ఉంది, అందులో అనుమానం లేదు.

ఇంటికి వచ్చి బల్ల మీద పెట్టుకుని చూస్తుంటే సందేహం మొదలైంది. ఇందులో నేను చేసింది ఎంత? కొలతకు కోసిన పట్టీ వాళ్ళే ఇచ్చారు. మొనను, ఏటవాలును నేను సుత్తితో సాగదీశాను. గ్రైండర్ మీద సగం పని నాది, సగం శిక్షకుడిది. ఎర్రగా కాలిన బ్లేడును నూనెలో ముంచింది ఆయన సహాయకుడు. టెంపరింగ్, అంటే గట్టిపడిన బ్లేడును తక్కువ వేడిలో ఉంచి పెళుసుదనం తగ్గించడం, రాత్రి మేము నిద్రపోతుండగా ఓవెన్‌లో జరిగిపోయింది. పిడి అతికించింది నేనే, అదీ ఐదు నిమిషాల ఎపాక్సీ జిగురుతో.

నా ప్రశ్న ఇది. రెండు రోజుల శిబిరం మనిషి చేతిలో కత్తి పెట్టి పంపాలా? లేక ఏదో ఒక్క పనిని, ఉదాహరణకు హీట్ ట్రీట్‌మెంట్‌ను (కాల్చి, నూనెలో ముంచి, టెంపర్ చేయడాన్ని), పదిసార్లు చేయించి వట్టి చేతులతో పంపినా సరేనా? నాతో వచ్చినవాళ్ళలో ఒకరిని ఇదే అడిగితే, నన్ను కృతఘ్నుడు అన్నారు.

ముక్కుసూటి

కృతఘ్నుడు అన్నవారిని పట్టించుకోకండి. మీరు కత్తి చేయలేదు, కత్తి పుడుతుంటే పక్కన నిలబడ్డారు.

1084లో కార్బన్ 0.84 శాతం దగ్గర ఉంటుంది. దాన్ని 815 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వేడి చేసి నూనెలో ముంచితే గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ సి కొలతలో 65 దాకా గట్టిపడుతుంది. అప్పుడది గాజుతో సమానం, రాతి నేల మీద పడితే విరిగినా ఆశ్చర్యం లేదు. 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు టెంపర్ చేస్తే 60 దగ్గరికి దిగి పనికొచ్చే వస్తువు అవుతుంది. ఇది తప్పితే మిగిలినదంతా నగిషీ. గీతలు పడితే మళ్ళీ రుద్దుకోవచ్చు, పిడి నచ్చకపోతే మార్చుకోవచ్చు. నూనెలో మునిగే ఆ రెండు మూడు క్షణాల్లో జరిగేది మాత్రం పైకి కనిపించదు. ఆ క్షణాల్లో మీరు ఎక్కడ ఉన్నారు? గ్రైండర్ దగ్గర వరుసలో.

నన్నడిగితే ప్రతి ఒక్కరికీ ఆరు చిన్న ముక్కలు ఇవ్వాలి. ఆరింటినీ ఆరు రకాల వేడి దగ్గర ముంచి, వైస్‌లో బిగించి, సుత్తితో విరగ్గొట్టించాలి. కత్తి ఇంటికి వెళ్ళాక చేసుకుంటారు.

పాతదాగలి

నేను శిబిరాలు నడిపేవాణ్ణి, కాబట్టి నా మాటలో స్వార్థం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. ముక్కుసూటి గారు చెప్పినట్టే ఒకసారి చేసి చూశాను. రెండు రోజులూ ముక్కలు విరగ్గొట్టడమే. నాకు తెలిసినంతలో అంత బాగా నేర్పిన శిబిరం మరొకటి లేదు. వచ్చినవాళ్ళలో ఎక్కువ మంది మళ్ళీ కొలిమి ముఖం చూడలేదు. పూర్తయిన కత్తి పట్టుకెళ్ళినవాళ్ళు మాత్రం నెల తిరక్కుండా ఫోను చేసి సుత్తి ఎంత బరువుది కొనాలని అడుగుతారు.

ఇక లెక్క చూడండి. తొమ్మిది మంది, రెండు గ్రైండర్లు. గట్టిపరచడానికి ముందు మోటు గ్రైండింగ్‌కు మనిషికి గంట అనుకున్నా నాలుగున్నర గంటలు. గట్టిపరిచాక నునుపు చేయడానికి మరో నాలుగున్నర. టెంపరింగ్‌కు నాలుగు గంటలు, మధ్యలో చల్లారే సమయం అదనం. నెమ్మదిగా గట్టిపడే మంచి ఎపాక్సీకి పూర్తి బలం రావాలంటే ఒక రోజంతా పడుతుంది. ఇవన్నీ రెండు పగళ్ళలో ఇమిడించాలంటే ఎవరో ఒకరు ఎక్కడో అడ్డదారి తొక్కక తప్పదు. ఐదు నిమిషాల జిగురు ఆ అడ్డదారే.

నూనెలో ముంచే పని సహాయకుడికి ఇవ్వడానికి కారణం గర్వం కాదు. కాలిన ఉక్కును సగం ముంచి భయంతో ఆగిపోతే నూనె పైభాగం అంటుకుంటుంది. ఒక్క ఊపులో పూర్తిగా దింపాలి. మంట కనబడగానే కొత్తవాళ్ళు చెయ్యి వెనక్కి లాగుతారు, అది సహజం. తొట్టె పక్కన మూత పెట్టుకుని నిలబడే మనిషి అందుకే కావాలి. తొమ్మిది మంది వరుసగా వస్తుంటే తొమ్మిది సార్లూ నా గుండె గొంతులోకి వస్తుంది.

బెల్ట్‌ధూళి

తొమ్మిది మందికి రెండు గ్రైండర్లు! అసలు రోగం అక్కడ ఉంటే మీరు నూనె తొట్టె చుట్టూ తిరుగుతున్నారు. ఇంకో మాట, చర్చకు సంబంధం లేకపోయినా చెబుతాను. మాస్కు ఇచ్చారా? ఉక్కు పొడి ఒక ఎత్తు, రోజ్‌వుడ్ పొడి ఒక ఎత్తు. ఆ కలప పొడి చాలామందికి పడదు, చర్మం మీద దద్దుర్లు వస్తాయి. జేబురుమాలు కట్టుకుంటే సరిపోదు.

నిప్పుకళ్ళు

ఇంత పెద్ద చర్చ ఎందుకో నాకు అర్థం కాలేదు. అయస్కాంతం ఒకటి కొలిమి పక్కన పెట్టుకోవాలి. బ్లేడు దానికి అంటుకోవడం మానగానే నూనెలో వేయాలి. ఇది నేర్చుకోవడానికి రెండు రోజులా? వీడియో చూస్తే పది నిమిషాలు.

ఆకురాయి

నిప్పుకళ్ళు గారూ, నేనూ మీలాగే వీడియోలు చూసి, అయస్కాంతం పెట్టుకుని మూడేళ్ళు చేశాను. మూడేళ్ళూ తప్పుగానే చేశానని ఒక శిబిరంలో తెలిసింది.

శుద్ధమైన ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణం కోల్పోతుంది. 1084 లాంటి ఉక్కులో అంతకు కాస్త ముందే, లోపలి నిర్మాణం మారేటప్పుడే ఆ గుణం పోతుంది. అంటే అయస్కాంతం వదిలిన చోటు మన గమ్యం కాదు, అక్కడి నుంచి ఇంకొంత పైకి వెళ్ళాలి. ఆ 'ఇంకొంత' ఎంత అన్నదే మొత్తం విద్య. తక్కువైతే సరిగా గట్టిపడదు. ఎక్కువైతే లోపలి రేణువులు ఉబ్బి ఉక్కు పెళుసవుతుంది. పైగా కంటికి రంగు ఎలా కనిపిస్తుందన్నది చుట్టూ ఉన్న వెలుతురును బట్టి మారుతుంది. ఎండలో నిలబడితే బాగా కాలిన ఉక్కు కూడా మందకొడిగానే కనబడుతుంది, ఇంకా కాలలేదనుకుని మాడ్చేస్తాం. నేను చేసిన తప్పు అదే. మా ఇంటి పెరట్లో, మిట్టమధ్యాహ్నం.

ఆ శిబిరంలో మేము ఒక్క కత్తి కూడా చేయలేదు. తలుపులు మూసి, దీపాలు ఆర్పి, ఒక్కొక్కరిని కొలిమి ముందు కూర్చోబెట్టారు. బ్లేడు మెల్లగా ఎర్రబడింది. ఆ ఎరుపులో ఉన్నట్టుండి ఒక నల్లటి నీడ కనిపించింది. పొలం మీద మబ్బు నీడ పాకినట్టు వాదర వైపు నుంచి వెన్ను వైపు పాకింది, దళసరిగా ఉన్న చోట కాసేపు తచ్చాడి, చెదిరిపోయింది. నిర్మాణం మారే చోట ఉక్కు వేడిని లోపలికి తాగేస్తుందట, అందుకే ఆ భాగం చుట్టుపక్కల కంటే నల్లగా ఉంటుందట. నీడ పూర్తిగా పోయాక కొద్దిసేపు ఆగి ముంచాలి. మూడేళ్ళుగా ఆ నీడ నా కొలిమిలోనూ ప్రతిసారీ వచ్చిపోయింది, ఎండలో నాకు కనబడలేదు. ఏ వీడియోలోనూ కనబడలేదు, కెమెరా ఆ వెలుగుకు తేలిపోతుంది.

తర్వాత విరగ్గొట్టాం. సరిగ్గా ముంచిన ముక్క విరిగిన చోట బూడిదరంగు మఖమల్‌లా ఉంది, రేణువన్నది కనబడలేదు. నేను ఇంటి నుంచి తీసుకెళ్ళిన పాత బ్లేడు విరగ్గొడితే లోపల పంచదార పలుకులు మెరిశాయి. చుట్టూ ఉన్న పదిమందీ వంగి చూశారు. సిగ్గేసింది. ఆ సిగ్గుకు పూర్తయిన కత్తి సాటిరాదు. నా ఓటు ముక్కలకే.

ముక్కుసూటి

ఆకురాయి గారికి నమస్కారం. ఇంకో ఉదాహరణ చెబుతాను. అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ 1976లో ఏర్పడింది. వాళ్ళ జర్నీమన్ హోదాకు (శిష్యరికం దాటిన పనివాడి హోదాకు) పెట్టే పరీక్షలో ఒకే కత్తితో వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంచాలి, టూ-బై-ఫోర్ కొయ్య దూలాన్ని రెండుసార్లు పూర్తిగా తెగేదాకా నరకాలి, ఆ తర్వాత కూడా అదే వాదరతో వెంట్రుకలు గొరగగలగాలి. చివరికి బ్లేడును వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచుతారు, విరిగితే తప్పినట్టే. అంత కష్టపడి చేసిన కత్తి పరీక్ష పూర్తయ్యేసరికి వంకర ఇనుము. అక్కడ కూడా కత్తి ముఖ్యం కాదు, మనిషికి ఏం తెలుసన్నదే ముఖ్యం.

పాతదాగలి

ఉదాహరణ మంచిదే, ఇక్కడికి మాత్రం అతకదు. ఆ పరీక్షకు వచ్చేవాళ్ళు ఏళ్ళ తరబడి కొలిమి ముందు నిలబడి వస్తారు, శనివారం పొద్దున మొదటిసారి సుత్తి పట్టినవాళ్ళు కాదు. పైగా ఆ కత్తిని వంగడం కోసమే వెన్ను మెత్తగా, వాదర గట్టిగా ఉండేలా చేస్తారు. రోజూ వాడుకునే చిన్న కత్తికి అది అవసరం లేదు.

కొత్తసుత్తి గారూ, మీ కత్తిని ఊరికే అనుమానించే బదులు పరీక్షించండి. ఆరు మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని బల్ల మీద బిగించండి. కత్తిని పదును పెట్టి, వాదరను కడ్డీ మీద ఏటవాలుగా ఆనించి కాస్త ఒత్తుతూ లాగండి. ఒత్తిన చోట వాదర కొద్దిగా వంగడం వెలుగులో కనబడుతుంది. వదలగానే తిరిగి నిటారుగా వస్తే మంచిది. వంగినది వంగినట్టే ఉండిపోతే మెత్తగా ఉన్నట్టు. చిట్లితే మరీ గట్టిగా ఉన్నట్టు.

వారాంతపుకమ్మరి

మీరంతా ఉక్కు గురించే మాట్లాడుతున్నారు. నేను శిబిరాలకు వెళ్ళేది మనుషుల కోసం. ఒంటరిగా పని చేసేవాడికి తన తప్పు తనకు కనబడదు. ఏడాది పాటు మోచేయి నొప్పితో బాధపడ్డాను. సుత్తి బరువని, దాగలి ఎత్తని అన్నీ మార్చాను. ఒక శిబిరంలో పక్క దాగలి దగ్గర ఉన్న పెద్దాయన, నేర్పడానికి వచ్చినవారు కూడా కాదు, నాలాగే నేర్చుకోవడానికి వచ్చినవారు, నా చేతిని చూసి, "సుత్తిని పిసికేస్తున్నావు నాయనా, వదులుగా పట్టుకో, అదే లేస్తుంది" అన్నారు. తర్వాత నా పట్టకారు తీసుకుని, దవడలను కొలిమిలో కాల్చి, నా పట్టీ మందానికి సరిపోయేలా వంచి ఇచ్చారు. పట్టకారు సరిగా కూర్చోకపోతే ఎడమ చెయ్యి బిగుసుకుంటుందట, అది చూసి కుడి చెయ్యి కూడా బిగుసుకుంటుందట. రెండు నెలల్లో నొప్పి పోయింది.

ఆ శిబిరంలో చేసిన కత్తి ఎక్కడుందో గుర్తు లేదు. ముక్కలే విరగ్గొట్టి ఉన్నా గుర్తుండేవి కావు.

కొత్తసుత్తి

ఇత్తడి కడ్డీ పరీక్ష చేశాను. పిడి దగ్గరి నుంచి రెండు వంతులు చక్కగా వంగి తిరిగి వచ్చింది. మొన దగ్గరి మూడో వంతు వంగి అలాగే ఉండిపోయింది. గోరు పెట్టి చూస్తే అంచు ఒక పక్కకు మడత పడి తగులుతోంది. అంటే నూనెలో ముంచేటప్పుడే పొరపాటు జరిగినట్టేనా? సహాయకుడు కొలిమి నుంచి తొట్టె దాకా నాలుగడుగులు నడిచాడు. మొన పల్చగా ఉంటుంది కదా, దారిలోనే చల్లారిపోయిందేమో.

ముక్కుసూటి

నేను చెప్పలేదా?

పాతదాగలి

తొందరపడకండి. దారిలో చల్లారడం జరగొచ్చు. ఈ రకం ఉక్కు 540 డిగ్రీల చుట్టుపక్కల ప్రాంతాన్ని ఒక సెకను లోపే దాటిపోవాలి, లేకపోతే మెత్తబడుతుంది. పైపొరలో కార్బన్ కాలిపోయినా ఇలాగే ఉంటుంది. అందుకే ముందు వాదరను ఇంకాస్త అరగదీసి మళ్ళీ పరీక్షించండి. పైపొరదే తప్పయితే లోపల గట్టి ఉక్కు తగులుతుంది.

ఒక్క సంగతి నిజం చెప్పండి. గట్టిపరిచాక, ఆదివారం గ్రైండింగ్ చేస్తున్నప్పుడు మొన దగ్గర రంగు మారిందా?

కొత్తసుత్తి

మారింది.

నీలం. ఒక్క క్షణం. ముందు గడ్డి రంగు వచ్చింది, నేను చూసేలోపే ఊదాగా మారి నీలమైపోయింది. వెంటనే నీళ్ళలో ముంచాను. తర్వాత నునుపు బెల్ట్ మీద రుద్దితే రంగు పోయింది, దాంతో నేనూ మర్చిపోయాను. నా వెనక నలుగురు వరుసలో ఉన్నారు, బెల్ట్ అరిగిపోయి ఉంది, మార్చమని అడగడానికి మొహమాటపడి గట్టిగా ఒత్తాను. ఆ సగం గ్రైండింగ్ శిక్షకుడిది కాదు, నాదే.

పాతదాగలి

నీలం అంటే దాదాపు 300 డిగ్రీలు. రాత్రంతా 200 దగ్గర జాగ్రత్తగా చేసిన టెంపరింగ్ ఆ క్షణంలో మొన వరకు పోయింది. రంగును రుద్దేస్తే పోతుంది, మెత్తదనం పోదు. సహాయకుడి నాలుగడుగుల మీద ఇక అనుమానం వద్దు. గట్టిపరిచిన బ్లేడును వట్టి చేత్తో పట్టుకుని గ్రైండ్ చేయాలి, చెయ్యి కాలుతుందనిపించగానే నీళ్ళలో పెట్టాలి. ఈ ముక్క మీకు చెప్పారా?

కొత్తసుత్తి

చెప్పారు. శనివారం పొద్దున. అందరం తలలూపాం.

బెల్ట్‌ధూళి

రెండు గ్రైండర్లు, అరిగిన బెల్టులు, వెనక నలుగురు. ముక్కలు విరగ్గొట్టే శిబిరమైతే ఈ తప్పు మీకు ఎదురయ్యేదే కాదు. అంటే ఎప్పటికీ తెలిసేది కాదు. నేను ఎవరి పక్షమో నాకే అర్థం కావడం లేదు.

ఆకురాయి

నా ఓటు మార్చుకోను. కానీ కొత్తసుత్తి గారూ, ఆ కత్తిని దాచుకోకండి. మొనను అర అంగుళం కురచ చేస్తే గట్టి ఉక్కు దొరుకుతుందేమో చూడండి. లేదంటే పిడి తీసేసి మళ్ళీ గట్టిపరచండి, ఈసారి మీ చేత్తో, చీకట్లో.

కొత్తసుత్తి

మూడో వంతు మెత్తబడితే అర అంగుళంతో తీరదు. పిడి తీయడానికే నిర్ణయించుకున్నాను. ఐదు నిమిషాల జిగురు కదా, ఒక్క దెబ్బకు ఊడుతుందనుకుని నిన్న సాయంత్రం ఉలి పెట్టాను. ఒక పక్క రోజ్‌వుడ్ చీలింది, జిగురు మాత్రం చెక్కు చెదరలేదు. పాతదాగలి గారూ, ఎపాక్సీ వేడికి వదులుతుందని విన్నాను. ఎంత వేడి సరిపోతుంది? మధ్యలో రెండు ఇత్తడి పిన్నులు కూడా ఉన్నాయి.