అప్‌డేట్: మాంసం మానేయాలా వద్దా అని అడిగాను కదా

మూడు నెలల క్రితం అడిగింది నేనే. శ్రావణమాసంలో మానేసిన మాంసం మళ్లీ తినబుద్ధి కావడం లేదు, అమ్మేమో నీరసపడతావని గోల, దసరా దగ్గరపడుతోంది, ఏం చేయాలని.

ముందు రక్తపరీక్ష చేయించుకోమన్నవాళ్లకు థ్యాంక్స్. హన్మకొండలో చేయించా. హిమోగ్లోబిన్ బాగానే ఉంది, బీ12 మాత్రం 168. కనీసం 200 ఉండాలని రిపోర్టులోనే ఉంది. డాక్టర్ మాత్రలు రాసి ఒక మాట చెప్పారు: ఈ విటమిన్ కాలేయంలో ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది, రెండు నెలలు మాంసం మానినంత మాత్రాన పడిపోదు. అంటే తలకాయకూర లాగించిన రోజుల్లోనే తక్కువగా ఉండి ఉంటుంది! అమ్మ ఇది నమ్మలేదు, నమ్మదు కూడా.

పప్పులు, ఆకుకూరల్లో బీ12 దొరకదు. పాలు, పెరుగు, గుడ్లలో ఉంటుంది. అందుకే గుడ్డు మొదలుపెట్టా. అన్నం తినగానే టీ తాగడం మానేశా, అది ఇనుమును ఒంటికి పట్టనివ్వదని.

ఇక దసరా. వాడకట్టంతా కలిసి మేకను కోసి పోగులు వేశారు. పెద్దనాన్న జమ్మి ఆకు చేతిలో పెడుతూ "మటన్ లేని దసరా ఏం దసరా బిడ్డా" అన్నాడు. నాకు పచ్చిపులుసు, గుడ్లకూర వేరే చేసింది అమ్మ. కానీ అన్నం వడ్డిస్తూ, ఏమీ అనకుండా, ఓ మూలుగ బొక్క కంచం అంచున పెట్టింది. తిన్నాను. వాంతి రాలేదు, ఆనందమూ కలగలేదు. ఆ తర్వాత మళ్లీ ముట్టలేదు.

ఇప్పుడు గొడవంతా మేడారం మొక్కు మీద. నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, ఇస్తానంటున్నా. మేక దగ్గర అమ్మ ఇంకా దిగిరాలేదు.