కప్ప పిండంలో న్యూరోజెనిన్: రెండు వైపులా నాడీకణాలెందుకు?

ప్రశ్న: జెనోపస్ లేవిస్ అనే కప్ప పిండంలో, రెండు కణాల దశలో ఒక కణంలోకే (అంటే ఒక వైపుకే) న్యూరోజెనిన్ అనే, కణాన్ని నాడీకణంగా మలిచే ప్రొటీన్ తాలూకు ఎంఆర్‌ఎన్‌ఏ ఎక్కిస్తే, 15వ దశలో (నాడీ వ్యవస్థ మొదలయ్యే వేళ) నాడీకణాల గుర్తయిన ఎన్-ట్యూబ్యులిన్ చుక్కలు రెండు వైపులా వస్తున్నాయి. పోల్చుకోవడానికి మామూలు వైపే మిగలట్లేదు. లోపమెక్కడ?

జవాబు 1: తొందరే కారణం అయ్యుంటుంది. విభజన గాడి అడుగుదాకా దిగకముందే గుచ్చితే ద్రవం పక్క కణంలోకి పారుతుంది. 22 డిగ్రీల దగ్గర ఫలదీకరణ జరిగిన సుమారు 90 నిమిషాలకు గాడి మొదలవుతుంది, పూర్తయ్యేదాకా ఆగండి. 5 నానోలీటర్లు చాలు. లాక్‌జెడ్ ఎంఆర్‌ఎన్‌ఏ కూడా జాడ చూపే గుర్తుగా కలపండి. ఎన్-ట్యూబ్యులిన్ ఊదా మరకలో కలిసిపోకుండా లాక్‌జెడ్ ఎంజైమ్ వల్ల ఎర్రబడే రెడ్-గాల్‌తో రంగు తెప్పించండి, ఏ వైపు చేరిందో ఎర్రగా కనబడుతుంది.

జవాబు 2: మోతాదూ చూడండి. మామూలుగా అటూ ఇటూ మూడేసి నాడీకణాల చారలే. న్యూరోజెనిన్ కణం పైనుండే డెల్టా అనే సంకేత ప్రొటీన్‌ను పెంచుతుంది, అది పక్క కణంలో ఆ సంకేతాన్ని అందుకునే నాచ్‌ను రేపి అక్కడి న్యూరోజెనిన్‌ను అణచేస్తుంది. తక్కువ ఎక్కిస్తే అందుకే చెదురు చుక్కలు, మరీ ఎక్కువైతే నిండు మరక.

జవాబు 3: మార్ఫోలినోతో (ఎంఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని జన్యువును పనిచేయనివ్వని అణువు) న్యూరోజెనిన్‌ను ఆపాలనుకుంటే, ఈ కప్పలో చాలా జన్యువులకు ఎల్, ఎస్ అని రెండు ప్రతులు. ఒక్కదాన్నే ఆపితే రెండోది పని నడిపించేస్తుంది.