పద్మిని కారు కింద భాగానికి డాంబర్ కోటింగా, ఎపాక్సీనా?

లాసన్స్‌బే_ఫియట్:
అన్నలూ, మా నాన్నగారి 84 మోడల్ ప్రీమియర్ పద్మిని రిపేర్‌లో ఉంది, ఫ్లోర్‌కి కొత్త రేకు వేసి వెల్డింగ్ అయిపోయింది. టింకరింగ్ ఆయనేమో రెడాక్సైడ్ (ఎర్ర ప్రైమర్) కొట్టి పైన డాంబర్ కోటింగ్ వేసేద్దాం, ఇంక చూస్కోనక్కర్లేదు అంటున్నాడు. మాది వైజాగ్, సముద్రం పక్కనే, ఉప్పుగాలికి ఇంటి గేటే ఆగట్లేదు. ఏం చేయమంటారు?

స్ప్రేగన్_శీను:
డాంబర్ వద్దు బ్రో. కొన్నాళ్లకి ఎండిపోయి పగులుద్ది, ఆ పగుల్లోకి నీళ్లు దూరి అక్కడే ఉండిపోతాయి, పైకి నల్లగా నున్నగానే కనపడుద్ది గానీ లోపల రేకు తినేస్తా ఉంటది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గానీ తెలీదు. రెడాక్సైడ్ ఒక్కటే అయితే తేమ ఆపదు. రేకు తెల్లగా వచ్చేదాకా గీకించి, గ్రీజు లేకుండా తుడిచి, టూ ప్యాక్ ఎపాక్సీ ప్రైమర్ (హార్డెనర్ కలిపి కొట్టేది) రెండు కోట్లు, దానిమీద జాయింట్లకి పీయూ (పాలీయురేథేన్) సీలెంట్. వీల్ ఆర్చుల్లో రాళ్ల దెబ్బకి ఆగే స్టోన్ చిప్ కోటింగ్, చివర్న బాడీ కలరే కొట్టించు. లేత రంగైతే తుప్పు మరక మొదట్లోనే దొరికిపోద్ది.

అంబాసిడర్_బాబాయ్:
శీను చెప్పింది కరెక్టే గానీ ఈ బళ్లు ఎక్కువగా పోయేది లోపల్నుంచయ్యా. పద్మినికి విడిగా ఛాసిస్ లేదు, బలమంతా సిల్సు (డోర్ల కింద పొడుగ్గా ఉండేవి), లోపల డొల్లగా ఉండే బాక్స్ సెక్షన్లే. వాటి లోపలికి స్ప్రే గన్ పోదు, పైగా వెల్డింగ్ వేడికి లోపలున్న పాత ప్రైమర్ కాలిపోయుంటది. పెయింట్ పూర్తిగా ఆరాక పొడుగు నాజిల్‌తో కేవిటీ వ్యాక్స్ (డొల్ల భాగాల లోపల తుప్పు ఆపే మైనం) కొట్టించు, ముందే కొట్టావో పెయింట్ పట్టదు. డ్రెయిన్ హోల్స్ (నీళ్లు కారిపోయే కన్నాలు) సీలెంట్‌తో మూసేస్తారు మనోళ్లు, దగ్గరుండి తెరిపించు. బ్రేక్ హోసులు, ప్రొపెల్లర్ షాఫ్ట్, సైలెన్సర్‌ మీద కోటింగ్ పడకుండా పేపర్ కట్టమను.

లాసన్స్‌బే_ఫియట్:
థాంక్స్ బాబాయ్. సర్వీసింగ్‌లో కాలిన ఆయిల్ డీజిల్‌లో కలిపి కొడతారు కదా, వ్యాక్స్ బదులు అది సరిపోదా? ఇంకోటి, వానల్లో కొట్టించొచ్చా?

స్ప్రేగన్_శీను:
ఆ ఆయిల్ రబ్బరు బుష్షుల మీద పడితే ఉబ్బిపోతాయి, దుమ్మంతా పట్టుద్ది, వద్దు. వానాకాలమైతే గీకిన రేకు రాత్రికి రాత్రే ఎర్రబడుద్ది కాబట్టి గీకిన రోజే ప్రైమర్ పడిపోవాలి, ముసురు పట్టిన రోజు అసలు మొదలెట్టకండి. బాడీ కలర్‌కి పీయూ పెయింట్ వాడితే దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ అని ఊపిరితిత్తులకి హాని చేసే కెమికల్ ఉంటది, పెయింటర్ మూతికి కర్చీఫ్ కట్టుకుని కారు కిందకి దూరతానంటే ఒప్పుకోవద్దు, కాట్రిడ్జ్ మాస్క్ (ఫిల్టర్ డబ్బాలుండేది) నువ్వే కొనివ్వు.