మెషిన్ మీద చేతికుట్టు వేస్తే మోసమా?

నూలుపోగు:
పాత నూలు చీరలు మూడు పొరలు వేసి, ఇంట్లో మెషిన్ మీద బొంతలు కుడుతున్నాను. చూడటానికి చేత్తో కుట్టినట్టే ఉంటాయి. ఎలాగో చెప్తాను. పైన కంటికి ఆనని సన్న ప్లాస్టిక్ దారం, బాబిన్‌లో రంగు నూలు దారం పెట్టాలి. పై దారం టెన్షన్ బాగా బిగించాలి. నేను 8 దాకా తిప్పుతాను. కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. ఆ బిగువుకి కింది రంగు దారం సూది దిగిన ప్రతి చోటా పైకి లేచి చుక్కలా కనిపిస్తుంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్న దారం కనపడదు కాబట్టి ఖాళీ వదిలినట్టు ఉంటుంది. కొత్త మెషిన్లు కొన్నిట్లో దీనికోసమే వేరే కుట్టు కూడా ఇస్తున్నారు. వాకింగ్ ఫుట్ (పై పొరని కూడా కింది పొరతో కలిపి లాగే పాదం) లేనివాళ్లు ముందు కచ్చాకుట్టు గట్టిగా వేసుకోండి, లేకపోతే పొరలు జరిగిపోతాయి.
మా బంధువుల్లో ఒకావిడ చూసి "ఇది మోసం" అంది. మీరేమంటారు?

కత్తెర:
మోసమేముందండీ, చక్కగా ఉంది. ఫోటో పెట్టండి.

దబ్బనం:
ఫోటో పెడితే వెనకవైపుది పెట్టండి. చేతికుట్టు బొంతని ఎటు తిప్పినా ఒకటే: ఒక కుట్టు, ఒక ఖాళీ. మీ దాన్ని తిప్పితే గీత గీసినట్టు సందు లేకుండా దారం ఉంటుంది. ముందువైపు చేతికుట్టు, వెనకవైపు మెషిన్ కుట్టు! దాన్ని చేతికుట్టు అనడం ఎలా కుదురుతుంది?

నూలుపోగు:
బాబిన్ దారం, అడుగు చీర ఒకే రంగులో ఉంటే వెనక గీత కూడా కనపడదు అక్కా. ఎరుపు మీద ఎరుపు వేసి చూడండి.

దబ్బనం:
కనపడకుండా చేయడం గురించే నేను మాట్లాడుతున్నాను.

ఎర్రబాబిన్:
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. మామూలు ఇంటి మెషిన్‌లో అసలు చేతికుట్టు రాదు, రాలేదు. 1846లో ఎలియాస్ హౌ అనే అమెరికా ఆయన కుట్టుమెషిన్‌కి పేటెంట్ తీసుకున్నప్పటి నుంచీ పద్ధతి ఒకటే. దారం ఎక్కించే బెజ్జం సూది మొన దగ్గర ఉంటుంది. సూది బట్టలోకి దిగి మళ్లీ అదే దారిన పైకి వస్తుంది, కింద ఇంకో దారం దాన్ని పట్టుకుంటుంది. చేతి సూది అలా కాదు, బట్ట దాటి పూర్తిగా అవతలికి పోతుంది. సూట్ల అంచులకి చేతికుట్టు వేసే కార్ఖానా మెషిన్లలో సూదికి రెండు మొనలూ, నడుమ బెజ్జమూ ఉంటాయి. ఇళ్లకి వచ్చినవాటిలో బేబీ లాక్ కంపెనీ వాళ్ల సాషికో (జపాన్ వాళ్ల చేతికుట్టు) మెషిన్ ఉంది, దానికి పై దారమే ఉండదు, బాబిన్ దారం ఒక్కటే. నూలుపోగు గారు చేస్తున్నది కంటికి అలా కనిపించేలా చేసే కిటుకు. మంచి కిటుకే.

మల్లెపందిరి:
నన్ను అడిగితే మోసమే. ఒక ఎగ్జిబిషన్‌లో "కాంథా (బెంగాల్ బొంతకుట్టు), చేతిపని" అన్న దుప్పటికి చెప్పినంతా ఇచ్చి కొన్నాను. మూడు ఉతుకులకి పైన ప్లాస్టిక్ దారం తెగి ముళ్లలా లేచింది. పక్కలో పాప ఉంది, బుగ్గ గీరుకుపోయింది. అమ్మినాయన ఫోన్ ఎత్తడు. ఇక ఎవరు చేతిపని అన్నా నాకు నమ్మబుద్ధి కాదు.

నూలుపోగు:
మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆయన చేసిన దానికి నన్ను అంటే ఎలా? పసిపిల్లల బొంతలకి నేను ప్లాస్టిక్ దారం వాడను, పైన చీర రంగులో సన్న నూలు దారమే వేస్తాను.

కత్తెర:
ఆ ప్లాస్టిక్ దారాల్లో నైలాన్‌ది ఇస్త్రీకి కరుగుతుంది కూడా. పాలిస్టర్‌ది కాస్త నయం.

దబ్బనం:
"పసిపిల్లల బొంతలకి" అన్నారు. అంటే ఆర్డర్లు తీసుకుంటున్నారా?

నూలుపోగు:
తీసుకుంటున్నాను. తప్పా? అమెరికాలో పడుకా అనే ఊళ్లో పెద్ద క్విల్ట్ (అక్కడి బొంత) పోటీ జరుగుతుంది. 1989లో మెషిన్ మీద కుట్టినదానికి అక్కడ మొదటిసారి అన్నిటికన్నా పెద్ద బహుమతి ఇచ్చారు. అప్పుడూ ఇలాగే గింజుకున్నారు. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు.

దబ్బనం:
ఆ క్విల్ట్ మెషిన్‌దే అని చెప్పుకునే గెలిచింది. చేతిపనిలా కనిపించాలని దారం దాచలేదు. అమెరికా మాట ఎత్తారు కాబట్టి ఇదీ వినండి. స్మిత్సోనియన్ మ్యూజియం తమ పాత క్విల్ట్‌ల నమూనాలు చైనాలో కుట్టించి అమ్మడానికి ఒప్పుకుంటే 1992లో అమెరికా ఆడవాళ్లు సంతకాలు సేకరించి మరీ పోట్లాడారు.

ఎర్రబాబిన్:
కానీ అవి చేత్తో కుట్టినవే కదండీ. ఆ గొడవ కుట్టు గురించి కాదు. అంత తక్కువ ధరకి వస్తే అమెరికాలో చేత్తో కుట్టేవాళ్ల గతేమిటని.

దబ్బనం:
నేను మొదటి నుంచీ అంటున్నదీ అదే!

నూలుపోగు:
ఎక్కడన్నారు? వెనకవైపు, వెనకవైపు అని పట్టుకున్నారు తప్ప ధర మాట ఇప్పటిదాకా రాలేదే.

దబ్బనం:
అయితే ఇప్పుడు చెప్తున్నాను. మా అమ్మ ఊళ్లో బొంతలు కుట్టే పని చేస్తుంది. ఇంటింటికీ పోయి, వాళ్ల చీరలు వాళ్ల వాకిట్లోనే పరుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని కుడుతుంది. ఇప్పుడు జనం ఫోన్లో బొంత చూపించి "ఇది కూడా చేతిదే, నీకన్నా తక్కువకి ఇస్తున్నారు" అంటున్నారు. ఆమె ఏం చెప్పాలి? వాళ్లు చూపించేది మీలాంటివాళ్లు కుట్టిందే.

పచ్చదారం:
రేటు తగ్గించమని మా అత్తమ్మని కూడా అట్లనే అడిగిర్రు. ఆ పనే మానేసింది.

నూలుపోగు:
మీ అమ్మగారి కష్టం నాకు తెలియక కాదు. నా బొటనవేళ్ల కీళ్లు అరిగాయి, దబ్బనం పట్టుకుంటే రాత్రంతా నొప్పి. బొంత మీద ఇష్టం మాత్రం అరగలేదు. చేత్తో కుట్టగలిగినవాళ్లే బొంత కుట్టాలంటే నాలాంటివాళ్లు ఎక్కడికి పోవాలి? మెషిన్ మీద కూడా ఊరికే అయిపోదు. టెన్షన్ కాస్త తేడా వస్తే వరసంతా విప్పాలి. నేను తీసుకునేది నా పనికి డబ్బు.

దబ్బనం:
తీసుకోండి, వద్దనలేదు. చేతిపని పేరు మీద తీసుకోకండి.

నూలుపోగు:
చేతిపని అని నేను ఎక్కడా రాయలేదు. అడిగినవాళ్లకి మెషిన్ అనే చెప్తాను.

మల్లెపందిరి:
అడగనివాళ్లకి? నేనూ అడగలేదు.

ఎర్రబాబిన్:
"మెషిన్ కుట్టు" అని చీటీ మీద రాస్తే పోయేదేముంది?

నూలుపోగు:
సరే, చీటీ మీద రాస్తాను. ధర మాత్రం మార్చను, పెంచితే కొనేవాళ్లు లేరు. వెనకవైపు ఫోటో కూడా పెట్టను. ఏ దుకాణం వాళ్లు పెడుతున్నారని నేను పెట్టాలి?

దబ్బనం:
చీటీ మీరు కట్టేది బొంతకి. మా అమ్మకి చూపించేది ఫోన్లో ఫోటో. అందులో చీటీ ఉండదు. వెనకవైపు ఫోటో పెట్టండి.