గడియారాలు బాగుచేసిన నాన్నకు ఫెర్రీ బిల్డింగ్ గోపురం చూపించాలి, దారి చెప్పండి

ప్రశ్న (సన్నీవేల్ నుంచి)

అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది. నాన్న నలభై ఏళ్లు గడియారాలు బాగుచేశారు. కంటికి భూతద్దం తగిలించుకుని, వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పట్టుకునే మనిషి. ఇప్పుడు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మొన్న శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకెళ్లి గోల్డెన్ గేట్ వంతెన చూపిస్తే "బాగుంది" అని ఊరుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఎంబార్కడెరో రోడ్డు మీద, పడవలు ఆగే ఫెర్రీ బిల్డింగ్ మీదున్న ఆ గడియార గోపురం కనిపించగానే మాత్రం "ఆపు, ఆపు" అన్నారు. ఆపడానికి చోటు లేదు. అప్పటి నుంచి రోజూ దాని గురించే అడుగుతున్నారు. పైకి వెళ్లనిస్తారా? లోపలి యంత్రం చూడవచ్చా? ఎక్కువ నడవాల్సి వస్తుందా?

జవాబు (ఫ్రీమాంట్ నుంచి)

శనివారం కారులో మాత్రం వెళ్లకండి. ఆ రోజు పొద్దున గోపురం చుట్టూ రైతుల సంత జరుగుతుంది. మా అత్తగారిని తీసుకెళ్లి, కారు పెట్టే చోటు కోసం ముప్పావు గంట తిరిగాము. మీరు సన్నీవేల్‌లో కాల్‌ట్రైన్ ఎక్కి మిల్‌బ్రేలో బార్ట్ అనే మరో రైలుకు మారండి. ఎంబార్కడెరో స్టేషన్‌లో దిగితే లిఫ్టు ఉంది, అక్కడి నుంచి నాలుగు అడుగులే.

జవాబు (అలమీడా నుంచి)

ఆరేళ్లు పడవ మీదే ఉద్యోగానికి వెళ్లి వచ్చాను. రోజూ ఆ గడియారం చూసే పరుగెత్తేదాన్ని, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోకండి.

మామూలు సందర్శకులను గోపురం పైకి పంపరు. మీ నాన్నగారికి ముందే చెప్పండి, అక్కడికి వెళ్లాక నిరాశ పడకూడదు. కానీ ఈ సంగతులు కూడా చెప్పండి, ఆయనకు నచ్చుతాయి. 1898లో భవనం తెరిచినప్పుడు ఈ గడియారాన్ని బోస్టన్‌కు చెందిన హోవార్డ్ కంపెనీ తయారుచేసింది. అప్పట్లో కీ ఇస్తే నడిచేది. ఇప్పుడు కరెంటు మీద నడుస్తున్నా, పాత యంత్రంలో కొంత భాగం ఇంకా లోపలే ఉంది. నాలుగు వైపులా నాలుగు ముఖాలు, ఒక్కొక్కటి 22 అడుగుల వెడల్పు. రెండంతస్తుల ఇల్లంత అన్నమాట. గోపురం ఎత్తు 245 అడుగులు. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఉన్న హిరాల్డా గోపురాన్ని చూసి దీని రూపం గీశారు.

1906 ఏప్రిల్ 18న తెల్లవారుజామున భూకంపం వచ్చింది. ఆ వెంటే మంటలు లేచి ఊరు చాలావరకు కాలిపోయింది. ముళ్లు ఆగిపోయాయి కానీ గోపురం పడలేదు. 1989 అక్టోబర్ 17 సాయంత్రం భూకంపం వచ్చినప్పుడు కూడా అది నిలబడింది. దాని ఎదుట ఊరికీ నీళ్లకూ అడ్డంగా ఉన్న రెండంతస్తుల రోడ్డు మాత్రం దెబ్బతింది. 1991లో దాన్ని తీసేశారు. మీ నాన్నగారికి కారులోంచి గోపురం అంత నిండుగా కనిపించిందంటే ఆ రోడ్డు పోయినందువల్లే.

ఇక నా అసలు సలహా: ఆయన్ను పడవ ఎక్కించండి. 1936, 1937లలో బే బ్రిడ్జ్, గోల్డెన్ గేట్ అనే రెండు వంతెనలు రాకముందు రోజుకు 50 వేల మంది దాకా నీళ్ల మీదే వచ్చి ఇక్కడ దిగేవారు. వాళ్లకు ఊరి కంటే ముందు ఈ గడియారమే కనిపించేది. ఓక్లాండ్ వెళ్లే పడవలో వెనక వైపు కూర్చోబెట్టండి, మెట్లు ఎక్కే పని లేదు. పడవ కదిలాక ఆ ముఖం మెల్లగా గోడ గడియారమంత, తర్వాత చేతి గడియారమంత అవుతుంది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా నాకు విసుగు పుట్టలేదు.

పడవలు ఆగే వైపు, భవనం వెనక, చేతికర్రతో నడుస్తున్న గాంధీగారి విగ్రహం ఉంది. అమ్మగారికి తప్పక చూపించండి. జూలై అయినా స్వెటరు, మంకీ క్యాపు మరిచిపోవద్దు, ఆ గాలి చెవుల్లోకి దూరుతుంది.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

నిన్న వెళ్లి వచ్చాము. అలమీడా అక్కగారికి మా అమ్మానాన్నల తరఫున కూడా నమస్కారాలు.

నాన్న వచ్చినప్పటి నుంచి తన హెచ్‌ఎంటీ గడియారంలో ఇండియా టైమే ఉంచుకున్నారు. అమ్మ ఎన్నిసార్లు చెప్పినా మార్చలేదు. నిన్న గాంధీగారి విగ్రహం దగ్గర నిలబడి ఉండగా పన్నెండు కావస్తోంది. చేతి నుంచి గడియారం తీసి, కీ ఇచ్చే బుడిపెను గోటితో పైకి లాగి, తల ఎత్తి చూస్తూ ఉన్నారు. ఆయన గడియారంలో పన్నెండున్నర, అంటే ఇండియాలో అర్ధరాత్రి దాటిన వేళ. పెద్ద ముల్లును అరగంట వెనక్కి తిప్పి ఆపి, గంట మొదటి దెబ్బ పడగానే బుడిపెను నొక్కారు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

పడవలో వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక, "మంగళవారం కూడా సంత ఉంటుందట కదా, మీ అమ్మకు చూపిద్దాం" అన్నారు. ఈ మంగళవారం మళ్లీ వెళ్తున్నాము.